నేరాలు లేని తాలూకా

"దిగు సామీ, దిగు! రాయి వచ్చింది!"

గంగాధర ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. మోటారు ఆగి ఉంది. ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో ఇనుప చువ్వ, చెంప మీద బొగ్గు మసి, చూపులో బోలెడంత విసుగు.

"పావగడ వచ్చిందా?"

"పావగడ యాడుండాది, నువ్వు యాడుండావు! సరిహద్దు రాయి వచ్చింది. దిగి నడువు. చౌకీ దాటినాక ఎక్కుదువులే."

"టికెట్టు కొన్నాను కదా! నేనెందుకు దిగాలి?"

"ఓహో, నువ్వొక్కడివే కొన్నావా? ఈళ్ళంతా మాకు చుట్టాలని ఊరికే ఎక్కినారా?"

నిజమే, అందరూ దిగుతున్నారు. సీట్లలో ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు మాత్రం మిగిలారు. కాళ్ళు బాగున్న ప్రతివాడూ మూట నెత్తిన పెట్టుకుని, పెళ్ళికి పోతున్నంత హుషారుగా రోడ్డు మీద నడుస్తున్నాడు.

పావగడ మైసూరు సంస్థానానిదే. అయినా చుట్టూ మద్రాసు రాజధాని నేల. మధుగిరి నుంచి వచ్చే మోటారు కాసేపు ఇంగ్లీషువాళ్ళ రోడ్డు మీద నడిచి, మళ్ళీ మైసూరులోకి అడుగుపెడుతుంది. అడుగుపెట్టేచోట ఒక రాయి, రాయి పక్కన పోలీసు చౌకీ. అవతల ఎంతమందిని కుక్కినా మైసూరువారికి పట్టదు. రాయి దాటాక లెక్కకు మించి ఒక్కడున్నా నేరం. అందుకని మించినవాళ్ళు దిగి, చౌకీ ముందు నుంచి నడిచి, మలుపు తిరిగాక ఎక్కుతారు. అది ఆ దారిలో ఆచారం.

చౌకీ అరుగు మీద దఫేదారు తిమ్మరాయప్ప కుర్చీ వేసుకుని కూర్చుని, నడిచివచ్చే ఒక్కొక్కరినీ పలకరిస్తున్నాడు.

"ఏం రంగప్పా, మేకలు అమ్ముడుపోయినాయా?"

గంగాధర ఆగిపోయాడు. "ఏమండీ, వీళ్ళంతా ఆ మోటారులోంచి దిగినవాళ్ళే. మీకు కనపడలేదా?"

"మోటారులో ఉండేవాళ్ళను చూసేది నా పని. రోడ్డు మీద నడిచేవాళ్ళను ఏ చట్టం కింద పట్టుకోవాలప్పా?" అన్నాడు దఫేదారు. అడిగిన తీరు చూస్తే నిజంగా జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంది.

మలుపు దగ్గర అందరూ ఎక్కారు. ఆ అమ్మాయి వెనకాల కట్టిన ఇనుప పీపాలో బొగ్గు ఎగదోసి వచ్చింది. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క మోటార్లన్నీ బొగ్గు పొగతో నడుస్తున్నాయి. క్లీనరు కుర్రవాడు పట్టాళంలో చేరిపోతే, బండి యజమానీ డ్రైవరూ అయిన మల్లేశప్ప తన కూతురు భాగీరథినే క్లీనరుగా పెట్టుకున్నాడు. ఊరివాళ్ళు మొదట్లో నోరు నొక్కుకున్నారట. తర్వాత ఆమె నోటికి జడిసి నోరు మూసుకున్నారట.

"ఏం పని మీద పోతాండావు సామీ?"

"నాది తుమకూరు జిల్లా కచేరి. స్టాటిస్టిక్స్ గుమాస్తాను. పావగడ తాలూకా మోటారు నేరాల స్టేట్‌మెంట్ ప్రతినెలా ఆలస్యంగా వస్తోందని, స్వయంగా పోయి తెమ్మన్నారు."

మోటారులో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. స్టీరింగు దగ్గర మల్లేశప్ప వీపు బిగుసుకుంది. భాగీరథి పమిట కొంగుతో అతని సీటు తుడిచింది.

"ఈడ కూచోండి సార్. నడిచి నడిచి కాళ్ళు నొప్పి పుడతాండాయేమో పాపం! మా తాలూకాలో నేరాలే లేవు సార్. మీరే కళ్ళారా చూసినారు గదా?"

గంగాధర కోపంగా మొహం పెట్టాలనుకున్నాడు. పెట్టాడు కూడా. కానీ నవ్వు లోపల్నుంచి తన్నుకొచ్చింది. అది చూసి ఆమె కూడా నవ్వింది. మన గుమాస్తా పని అక్కడే అయిపోయింది.

ఆ నెల స్టేట్‌మెంట్‌లో పావగడకు ఎదురుగా "నిల్" అని పడింది. తర్వాతి నెలా నిల్లే. ఆ నెల రాయి దగ్గర ఎవరూ చెప్పకముందే గంగాధర సంచీ తీసుకుని దిగి నడిచాడు. దఫేదారు అతన్ని కూడా "ఏం సార్, బాగుండారా?" అని పలకరించాడు. ఆ మరుసటి నెల తుమకూరు నుంచి భాగీరథికి ఒక సబ్బు తెచ్చాడు.

"ఏంది సార్, నేను మసిగా ఉండానని ఎత్తిపొడుస్తాండారా?"

"అయ్యో, కాదు, అది మైసూరు గంధం సబ్బు..."

"అయితే మసి కనపడలేదా మీకు?"

"కనపడింది. అంటే... బాగుంది."

"ఏంది బాగుండేది?"

"మసి" అన్నాడు గంగాధర. ఇంకేం తోచలేదు పాపం.

ప్రేమ కథల్లో ఇట్లాంటిచోట వాన కురవాలి. పావగడలో వాన కురవడానికి మన కథ చాలదు. కాబట్టి పీపాలోంచి బూడిద లేచి ఇద్దరి మీదా పడింది. ఇద్దరూ తుమ్మారు. అంతటితో సరిపెట్టుకోవాలి.

ఇట్లా రోజులు హాయిగా గడుస్తుండగా బెంగళూరు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. కాగితం కరువు వల్ల ఎవరికీ పనికిరాని స్టాటిస్టిక్స్ మానేయాలని సర్కారు ఆలోచన. మోటారు నేరాల స్టేట్‌మెంట్ ఉంచాలా, ఆపాలా? జిల్లాలో ఆ స్టేట్‌మెంట్ కోసం తిరిగేది గంగాధర ఒక్కడే కనుక శిరస్తేదారు ఆ కాగితాన్ని అతని బల్ల మీద పడేసి, "నీ అభిప్రాయం రాయవయ్యా" అన్నాడు.

గంగాధర ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆ స్టేట్‌మెంట్ ఎవరూ చదవరని అతనికి తెలుసు. తాను తెచ్చినదాన్ని ఏ అలమరాలో పెడతారో, దాని తలుపు చివరిసారి ఎప్పుడు తెరిచారో కూడా తెలుసు. ఆపమని రాస్తే అది నిజం. కానీ ఆపేస్తే నెలనెలా పావగడ మోటారు ఎక్కడానికి ఏం వంక మిగులుతుంది? పేరుకు సర్కారు పని గానీ, అతను వెళ్ళేది ఎందుకో అతనికి తెలియదా!

తర్వాతిసారి వెళ్ళినప్పుడు మొహం వేలాడేసుకుని ఆ సంగతి చెప్పాడు.

భాగీరథి బొగ్గు పెళ్ళలు కొడుతూ వింది. "అంటే మీరు ఇంక రారా?"

"స్టేట్‌మెంట్ ఉంటేనే కదా రావడం. ఉంచమని రాయాలంటే కారణం ఉండాలి. అన్నీ నిల్లే అయినప్పుడు ఏమని రాసేది?"

"నేరాలుంటే ఆపరా?"

"ఉంటే ఎందుకు ఆపుతారు?"

"సరే అయితే" అని ఆమె మళ్ళీ బొగ్గు కొట్టసాగింది. ఆ "సరే" ఎంత మెత్తగా వచ్చిందో విని గంగాధర అప్పుడే జాగ్రత్తపడాల్సింది.

ఆ సాయంత్రం మోటారు సరిహద్దు అవతలి పల్లెకు పోయి, పావగడకు తిరిగి వస్తూ రాయి దగ్గరికి వచ్చింది. గంగాధర కూడా అందులోనే ఉన్నాడు. భాగీరథి వాకిట్లో అడ్డంగా నిలబడింది. "ఈరోజు ఎవరూ దిగొద్దు. కూచోండి!"

"అదేందిమ్మే? రాయి వచ్చింది గదా" అన్నాడు రంగప్ప.

"వస్తే రానీ. ఈరోజు అందరూ మోటారులోనే పోతాం, రాజాల మాదిరి."

"వద్దులేమ్మా, దిగి నడిస్తేనే నాకు కాళ్ళు ఆడతాయి" అంటూ రంగప్ప కిటికీలోంచి దూకాడు. వెనకాల ఇంకొకడు దూకాడు. మరుక్షణం అవతలి వాకిలి లేని పక్క నుంచి మూటలు, మనుషులు, ఒక మేకపిల్ల కూడా దిగిపోయాయి. ఏళ్ళ తరబడి అలవాటైన కాళ్ళు ఆ రాయి చూస్తే ఆగవు. చూస్తుండగానే మోటారులో సరిగ్గా చట్టం చెప్పినంతమందే మిగిలారు.

"థూ, మీ అంత మంచోళ్ళు ఏ దేశంలోనూ ఉండరు!" అని భాగీరథి కాలు నేలకేసి కొట్టింది.

మల్లేశప్ప ఇంజనుకు నీళ్ళు పోయడానికని కిందికి దిగాడు. అంతే, ఆమె చీర కొంగు నడుముకు దోపి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"భాగీ! ఏం చేస్తాండావే!"

"నేరం చేస్తాండా నాయనా!"

మోటారు ఒక్క ఎగురు ఎగిరింది. గంగాధర కడ్డీ పట్టుకున్నాడు. బండి మాత్రం కోపగించుకున్న గేదెలా ఊగుతూనే తిన్నగా పోయి, హారను మోగించుకుంటూ చౌకీ అరుగు ముందు ఆగింది.

"మామా! నాకు లైసెన్సు లేదు. నడుపుకుంటా వచ్చినా. కేసు రాయి!"

తిమ్మరాయప్ప కుర్చీలోంచి లేచాడు. అతను ఆ కుర్చీలోంచి లేవడం చాలామంది చూసింది అదే మొదటిసారి.

"ఎందుకమ్మా నాకీ కష్టం? రాస్తే నిన్ను మధుగిరి కోర్టుకు తీసుకపోవాల. దేంట్లో పోవాల?"

"మా మోటారులోనే."

"కేసైతే మోటారు ఈడ కట్టేయాల గదా."

"అయితే నడిచి పోదాం!"

"ఈ మోకాళ్ళతోనా!" దఫేదారు తల పట్టుకుని, మోటారులో ఉన్న గంగాధర వైపు తిరిగాడు. "నేరాల సార్, మీరే ఉండారు గదా. చెప్పండి. రాసేదా, వద్దా?"

అందరూ అతన్నే చూశారు. భాగీరథి కూడా చూసింది. "రాయమను" అని ఆ కళ్ళు అడుగుతున్నాయి. ఒక్క మాట చాలు. నిల్ పోతుంది, స్టేట్‌మెంట్ ఉంటుంది, ప్రతినెలా ఈ మసి చెంపను చూడవచ్చు.

అప్పుడే మల్లేశప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఇంకా నీళ్ళ డబ్బా ఉంది. కేసు పడితే అతని పర్మిట్టు పోతుంది. పర్మిట్టు పోతే ఆ బొగ్గు పీపా తప్ప ఇంట్లో ఏమీ మిగలదు. అతను గంగాధర మొహం చూస్తూ నిలబడ్డాడు.

"రాయొద్దు" అన్నాడు గంగాధర.

భాగీరథి చూపు చల్లారిపోయింది. సీటు దిగి, వెనకాలకు పోయి పీపా మూత ధడేలున వేసింది. పావగడ వచ్చేదాకా అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ అమ్మాయి నోరు అంతసేపు మూతపడి ఉండడం చూసి రంగప్పకే భయం వేసింది.

గంగాధర తుమకూరు పోయి అభిప్రాయం రాశాడు. "ఈ స్టేట్‌మెంట్ వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. ఆపవచ్చును." సంతకం పెట్టేటప్పుడు చెయ్యి కాస్త మొరాయించింది. అయినా పెట్టాడు. ఆర్డరు వచ్చింది. మోటారు నేరాలు లెక్కల్లోంచి పోయాయి.

ఒక ఆదివారం గంగాధర వేరే మోటారులో వచ్చి మళ్ళీ పావగడలో దిగాడు. మల్లేశప్ప బండి ఆరోజు రిపేరులో ఉందని, భాగీరథి షెడ్డులోనే ఉందని దారిలో చౌకీ దగ్గర దఫేదారు చెప్పాడు. బండి ఇటుకల మీద నిలబెట్టి ఉంది. ఆమె చక్రం కడుగుతోంది. అతన్ని చూసి కూడా చూడనట్టు కడుగుతూనే ఉంది.

"దారి తప్పినారా సార్? స్టేట్‌మెంట్ ఆగిపోయిందంట గదా?"

"ఆగిపోయింది."

"ఎవురు ఆపినారంట?"

"నేనే. ఆపమని రాశాను."

తడిగుడ్డ ఠపీమని నేల మీద పడింది. "నువ్వా? నేను మా నాయన పరువు తీసి, ఊరంతా చూస్తాండగా బండి నడిపి, నా మీదే కేసు రాయమని అడుక్కుంటే, నువ్వు పోయి ఆపమని రాసినావా? వద్దనుకుంటే నా మొహానే చెప్పాల్సింది! నీకు రావాలని లేదు. అంతే గదా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటే మసి ఇంకా బాగా అంటుకుంది.

"అది కాదు. స్టేట్‌మెంట్ ఉంటే నెలకొక్కసారే కదా రాగలిగేది" అన్నాడు గంగాధర.

"అయితే?"

"నాకు చాలడం లేదు."

భాగీరథి నోరు తెరిచింది. గంగాధర ఆగలేదు.

"మా అమ్మది ఈ తాలూకాలోని నిడుగల్లే. ఆమెకు చెప్పి వచ్చాను. రావడం, పోవడం అనేది లేకుండా చేయమని మీ నాయన్ను అడగడానికి వచ్చాను. ఆయన ఎక్కడ?"

"ఈడనే ఉండాను! ఇంతసేపూ ఈడనే ఉండాను!" అని బండి కింద నుంచి గొంతు వినిపించింది. రెండు పాదాలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. గంగాధర గబగబా మోకాళ్ళ మీద కూర్చుని ఆ పాదాలకే నమస్కారం పెట్టాడు.

"మల్లేశప్పగారూ, మీ అమ్మాయిని నాకిచ్చి..."

"ఇనపడిందిలేప్పా, చెవుడు లేదు నాకు. ఆరోజు నువ్వు 'కేసు రాయి' అనుంటే నా పర్మిట్టు పోయేది. నీకేమో ఈడికొచ్చే పని ఉండేది. నాకు గుర్తుండాది." పాదాలు కాసేపు ఆలోచించాయి. "పెద్దోళ్ళను పిలుచుకోని రా. మా అమ్మి సరే అంటే నాకు సరే. ఏమే, సరేనా?"

భాగీరథి తడిగుడ్డ తీసుకుని మళ్ళీ చక్రం కడగడం మొదలుపెట్టింది. కడిగినచోటే కడుగుతోంది.

"నెలకొక్కసారి వచ్చేదానికే అంత నేరం చేసినా నాయనా. జీవితమంతా ఉంటానంటాండాడు. ఇంక ఎన్ని చేస్తానో ఆ సార్‌నే ఆలోచించుకోమను!"

సార్ ఆలోచించుకోలేదు. చొక్కా చేతులు మడుచుకుని రెండో చక్రం కడగడానికి కూర్చున్నాడు.