విప్పిన చక్రం

మార్చి పదకొండు. ఇన్‌స్పెక్టర్‌కి ఆ తేదీ ఇప్పటికీ గుర్తే. ఆ సాయంత్రం స్టేషన్‌లో బల్ల మీద పాత పేపరు పరుచుకుని రెండు ఉడికిన గుడ్లు, కాస్త మాడిన రొట్టె తినబోయాడు. ఒక గుడ్డు తిన్నాడు. రెండోది ఒలుస్తుండగా ఫోన్ మోగింది.

"కారు కింద మనిషి, సార్," అన్నాడు ఎస్సై. "ప్రాణం లేదు."

ఇంటి పక్కన రేకుల షెడ్డు. లోపల పాతకాలపు కారు. గుండ్రటి బుగ్గలు, కొత్తగా వేసిన లేత ఆకుపచ్చ రంగు. ముందు కుడి చక్రం లేదు. ఆ మూల నేలకి ఒరిగి ఉంది. పక్కనే పూర్తిగా కిందికి దిగిపోయిన హైడ్రాలిక్ జాకీ.

చనిపోయినవాడు మెకానిక్. అతన్ని అప్పటికే బయటికి తీసి పడుకోబెట్టారు. ఒంటిమీద బనీను, గ్రీజు మరకల ప్యాంటు. అరచేతిలో స్పానర్ ఇంకా అలాగే ఉంది.

"ఎవరు చూశారు మొదట?"

"నేనే సార్." మెకానిక్ బావమరిది ముందుకొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆరున్నరకి వచ్చాను. పక్కింటివాళ్లని పిలిచి బండి ఎత్తించాను. అప్పటికే అంతా అయిపోయింది."

"మీ అక్క?"

"కుట్టు షాపులో పనికి వెళ్లింది. మూడింటికి వెళితే రాత్రికి గానీ రాదు. నేనే వెళ్లి తీసుకొచ్చాను." అతను ఇన్‌స్పెక్టర్‌కి దగ్గరగా జరిగాడు. "ఇది ప్రమాదం కాదు సార్. చంపేశాడు."

"ఎవరు?"

"రిపేర్ షాపు ఓనరు. మా బావ వాడి దగ్గర ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. ఈ బండి వాడి షాపులోనే మూల పడి ఉండేది. కోసి పాత ఇనుముకి వేసెయ్యమన్నాడు. మా బావ కోయనన్నాడు. మాటా మాటా పెరిగింది. టూల్ పెట్టె భుజాన వేసుకుని, ఈ బండిని లాక్కుని ఇంటికి వచ్చేశాడు. ఎనిమిది నెలలైంది. ఇవాళ పదకొండింటికి ఆ ఓనరు వచ్చి, బండిని మోస్తున్న ఇనుప స్టాండ్లు తనవని పీక్కుపోయాడు. పోతూ పోతూ ఏమన్నాడో తెలుసా? 'నువ్వు ఈ బండి కిందే పోతావురా' అన్నాడు. వీధి వీధంతా విన్నది."

ఇన్‌స్పెక్టర్ షెడ్డంతా తిరిగాడు. తర్వాత ఇంటి వెనక్కి వెళ్లాడు.

వెనక వరండాలో, గరుకు సిమెంటు గోడకి ఆనించి ఒక చక్రం ఉంది. విప్పిన చక్రం అదే. దాని క్రోమ్ రిమ్ము సగం అద్దంలా మెరుస్తోంది. మిగతా సగం మీద గులాబీ రంగు పాలిష్ పూత ఎండిపోయి ఉంది. రిమ్ముకీ గోడకీ మధ్య మడతపెట్టిన నీలం చొక్కా ఒకటి.

"పని మొదలుపెట్టే ముందు చొక్కా విప్పి అక్కడ పడేసినట్టున్నాడు సార్," అన్నాడు ఎస్సై.

"పడేస్తే మడతలుండవు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

*

ఓనరుని అదే రాత్రి స్టేషన్‌కి తెచ్చారు. అరవై దాటిన మనిషి. కుర్చీలో సగమే కూర్చున్నాడు.

"స్టాండ్లు ఎందుకు తీసుకెళ్లావు?"

"కోపం సార్. వాడు వెళ్లిపోయాక నా షాపులో పని సగం పడిపోయింది. ఒక్కసారి వచ్చి చూడరా అంటే రాలేదు. పొద్దున మళ్లీ అడిగా. తల అడ్డంగా ఊపాడు. వాడి నోట్లోంచి మాట రావాలంటే దానికీ జాకీ పెట్టాలి. ఒళ్లు మండింది. నా స్టాండ్లు నాకిచ్చెయ్ అన్నా."

"బండి జాకీ మీద వదిలేసి పోయావా?"

"లేదు సార్. స్టాండ్లు తీశాక, విప్పిన చక్రాన్ని వాడే ఛాసిస్ కింద పడుకోబెట్టాడు. నా కళ్లారా చూశాను. జాకీ మోసం చేసినా బండి చక్రం మీద ఆగుతుంది, మనిషి బతుకుతాడు. మా పనిలో మొదటి రోజు నేర్పేది అదే. వాడికి నేర్పింది నేనే."

"చక్రం వెనక వరండాలో ఉంది," అన్నాడు ఎస్సై. "కారు కింద లేదు."

"నేను చూసినప్పుడు కిందే ఉంది," అన్నాడు ఓనరు.

"నాలుగు నుంచి ఆరున్నర దాకా ఎక్కడున్నావు?"

"ఒక వ్యాను టెస్టుకి తీసుకెళ్లాను."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"బండి కిందే పోతావని శాపం పెట్టావట."

"శాపం కాదు సార్. జాగ్రత్త అని చెప్పడం చేతకాక అలా అన్నాను." ఓనరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "మా ఇద్దరికీ మంచిమాట చెప్పుకోవడం రాదు."

ఓనరుని లాకప్‌లో పెట్టాక ఎస్సై తేల్చేశాడు. "చక్రం విషయం అబద్ధం. సాయంత్రం మళ్లీ వచ్చి జాకీని దించే వాల్వు తిప్పేసి ఉంటాడు సార్. కేసు అరటిపండు ఒలిచినట్టుంది."

"తొక్క ఒలిచావు. పండు ఎలా ఉందో చూడొద్దా?"

మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టర్ ఆ జాకీని స్టేషన్ జీపు కింద పెట్టించాడు. జీపుని ఎత్తించి, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కుర్చీ వేసుకుని టీ తాగుతూ కూర్చున్నాడు. టీ అయిపోయినా జీపు కదల్లేదు, మధ్యాహ్నానికి నాలుగు వేళ్లు దిగింది. కాసేపటికి చప్పున కిందికి వచ్చేసింది. జాకీ అడుగున నూనె తడి కనిపించింది. లోపల నూనెని ఆపే రబ్బరు సీలు అరిగిపోయింది.

వాల్వు ఎవరూ తిప్పలేదు. జాకీ తనంతట తనే దిగింది. కానీ చక్రం కింద ఉండి ఉంటే మెకానిక్ బతికేవాడు. ఓనరు చెప్పింది నిజమైతే ఆ చక్రాన్ని ఎవరో తీశారు. ఎవరు?

*

మెకానిక్ భార్య వంటింటి గడపలో కూర్చుని ఉంది. ఎవరో పెట్టిన టీ పక్కన చల్లారిపోయి, మీగడ కట్టింది. ఇన్‌స్పెక్టర్ పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఆయన నిన్న బయటికి వెళ్లారా అమ్మా?"

"రెండింటికి వెళ్లారు. స్టీరింగ్‌కి ఏదో జాయింటు కావాలని. నేను పనికి బయల్దేరేదాకా రాలేదు."

"వెళ్లేటప్పుడు ఏం చెప్పారు?"

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. "మేం మాట్లాడుకుంటే కదా సార్. షాపు వదిలేసిన రోజు నుంచి నేను మాట మానేశాను. భోజనం పెట్టాను, బట్టలు ఉతికాను. మాట మాత్రం లేదు. నన్ను కాకుండా ఆ బండినే కట్టుకోవాల్సిందని అన్నాను. షెడ్డు గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను."

"నిన్నటిదాకా తొక్కలేదా?"

ఆమె కొంగు అంచు మడవసాగింది. ఇన్‌స్పెక్టర్ చూపు ఆమె చేతుల మీద పడింది. గోళ్ల అంచుల్లో గులాబీ రంగు పొడి.

మరో ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన అడగలేదు. లేచి వచ్చేశాడు.

అక్కడి నుంచి స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాడు. కౌంటర్ మనిషికి మెకానిక్ బాగా తెలుసు.

"మూడున్నరకి వచ్చాడు సార్. నీలం చొక్కా, ఇస్త్రీది. పెళ్లికొడుకులా తయారయ్యావే అన్నాను. బండి రేపు రోడ్డెక్కుతుంది అన్నాడు. ఎవరిని ఎక్కిస్తావంటే మాత్రం జవాబు లేదు. పార్టు తీసుకుని పోయాడు."

ఇన్‌స్పెక్టర్ జీపు ఎక్కాడు గానీ స్టార్ట్ చెయ్యలేదు. లెక్క తేలిపోయింది. తేలకపోయినా బాగుండేదనిపించింది.

చెప్పకపోతే తప్పు చెయ్యని ముసలాయన జైలుకి పోతాడు. చెబితే ఆమె ఏమవుతుంది?

ఇన్‌స్పెక్టర్ సొంత భార్య ఆస్పత్రిలో పోయి నాలుగేళ్లవుతోంది. ఆమెకి తెలివి తప్పేముందు ఏమైనా అడిగిందా అని నర్సుని అడిగాడు. నర్సు జాలిపడి, ఏమీ అడగలేదు అంది. అది అబద్ధమని నర్సు కళ్లే చెప్పాయి. దాచిన ఆ మాట ఏమై ఉంటుందా అని ఈ రోజుకీ ఆలోచిస్తూనే ఉన్నాడు.

జీపు స్టార్ట్ చేశాడు.

*

సాయంత్రం అందరినీ షెడ్డులోకి పిలిపించాడు. ఓనరు ఎస్సై పక్కన నిలబడ్డాడు. బావమరిది తలుపు దగ్గర. మెకానిక్ భార్య గడప బయటే ఆగింది.

"లోపలికి రా అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒట్టు నిన్ననే తీరిపోయింది కదా."

ఆమె లోపలికి వచ్చింది.

"ఇది హత్య కాదు. జాకీ సీలు అరిగింది. దానంతటదే దిగింది. పదకొండింటికి చక్రం బండి కిందే ఉంది, జాకీ దిగినా బండి మనిషి మీద పడకుండా. ఓనరు అబద్ధం చెప్పలేదు."

"మరి వరండాలోకి నడుచుకుంటూ పోయిందా?" బావమరిది గొంతు పెంచాడు.

"తమ్ముడూ, ఊరుకో." ఆమె గొంతు లోపలెక్కడి నుంచో వచ్చింది. "నేనే తీశాను."

బావమరిది తలుపు వదిలి అక్క దగ్గరికి వచ్చాడు.

"మిగతా మూడు చక్రాలూ ఆయన మెరిపించుకున్నారు. ఇదొక్కటే నల్లగా ఉంది. అడ్డంగా పడేశారు అనుకున్నాను. ఆయన వచ్చేసరికి తుడిచి పెడదామని దొర్లించుకుంటూ తీసుకుపోయాను. సగం అయ్యేసరికి టైమైపోయింది. గోడకి ఆనించి పనికి వెళ్లిపోయాను." ఆమె ఓనరు వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, అది అందుకే అక్కడ పెడతారని నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేను ఎప్పుడూ అడగలేదు."

ఓనరు తల వంచుకున్నాడు. "స్టాండ్లు తీసుకుపోయింది నేనమ్మా."

"నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు ఎస్సై, కాస్త మెల్లగానే.

"ఆ చక్రానికీ ఆయన పోవడానికీ సంబంధం ఉందని నిన్న ఎవరు చెప్పారు బాబూ? ఇప్పుడే కదా తెలిసింది." కారు బానెట్ మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకుంది. "ఆయన చక్రం ఉందనుకునే కిందికి దూరారు. కదా సార్? ఉందనుకునే."

"కాదమ్మా."

ఇన్‌స్పెక్టర్ సంచిలోంచి నీలం చొక్కా తీశాడు.

"ఇది నువ్వు పెట్టావా, రిమ్ముకీ గోడకీ మధ్య?"

ఆమె చొక్కా వంక చూసింది. "లేదు. ఇది ఆయన బయటికి వేసుకెళ్లింది."

"మూడున్నరకి దుకాణంలో ఒంటిమీదే ఉంది. అంటే ఇంటికొచ్చాక విప్పాడు. విప్పి ఎక్కడో తగిలించలేదు. గోడ గరుకుగా ఉంది, నువ్వు తోమిన రిమ్ముకి గీతలు పడతాయని మడతపెట్టి మధ్యలో పెట్టాడు. చక్రం బండి కింద లేదని ఆయనకి తెలుసు. అది ఎక్కడుందో తెలుసు. ఎవరు తోమారో కూడా తెలుసు."

"తెలిసి కూడా కిందికెందుకు వెళ్లాడు సార్?" అన్నాడు బావమరిది. ఆ గొంతులో కోపం లేదు.

జవాబు ఓనరు చెప్పాడు. "ఆ చక్రాన్ని మళ్లీ బండి కింద మట్టిలో వెయ్యాలి కదా నాన్నా. అక్క చేత్తో మెరిపించింది. వాడికి చేతులు రాలేదు. పది నిమిషాల పనే అనుకుని ఉంటాడు. జాకీ పాతదని తెలుసు. ఇరవై ఆరేళ్లలో ఒక్క రోజు కూడా అలా చెయ్యలేదు వాడు."

ఆమె చెయ్యి చాచి చొక్కా మడతని తాకింది. తర్వాత అడిగింది.

"చూశారన్నమాట."

"చూశాడమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె నేల మీద కూలబడింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. తమ్ముడు పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తోచక ఆమె చెప్పులు సరిచేశాడు.

ఎస్సై ఇన్‌స్పెక్టర్ చెవిలో గొణిగాడు. "రిపోర్టులో ఏం రాయమంటారు?"

"జాకీ సీలు అరిగి ప్రమాదం. ఆయన్ని వదిలెయ్."

వదిలేసినా ఓనరు వెళ్లలేదు. వరండాలోంచి చక్రం దొర్లించుకొచ్చాడు. తన మనుషులకి ఫోన్ చేసి స్టాండ్లు, మంచి జాకీ తెప్పించి, బండిని నిలబెట్టాడు. నట్లు ఒక్కొక్కటే ఎదురెదురుగా బిగించాడు, వరసగా కాదు. ఆమె పక్కకి వచ్చి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఆ పాలిష్ సగం మిగిలిపోయింది."

"తుడవమంటావా?"

"వద్దు. అలాగే ఉండనివ్వండి."

ఓనరు స్టాండ్లు తీసి బండిని నాలుగు చక్రాల మీదకి దించాడు. స్టాండ్లు మాత్రం తీసుకెళ్లలేదు. గోడ పక్కన వరసగా పెట్టి, చీకట్లోకి నడిచి వెళ్లిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ చొక్కా ఆమె చేతికిచ్చాడు. కేసు లేదు కాబట్టి దాంతో స్టేషన్‌కి పని లేదు. ఆమె దాన్ని విప్పి చూడలేదు. ఆ మడతలు అలాగే ఉండేలా రెండు అరచేతుల మధ్య పట్టుకుంది.

"మీరు భోంచేశారా సార్?" అని అడిగింది.

ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి ఇంట్లో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"చేస్తానమ్మా. నువ్వు కూడా ఒక ముద్ద తిను."

ఆమె తలూపింది. లైటు ఆర్పింది. గడప దాటి వచ్చి, షెడ్డు తలుపు రెండు రెక్కలూ చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.