అందగత్తె, పిచ్చోడు, పిచ్చోడు, రంపం

బ్యూనస్ ఐరిస్ వెళ్ళే ఫెర్రీ బయలుదేరడానికి పావుగంట ఉందనగా, మోంటెవిడియో రేవులో ఏజెంట్ మిల్టన్ ఎచెవెర్రికి వైర్‌లెస్‌లో కర్నల్ బసాల్దువా ఆర్డర్ అందింది. ఇంజన్ గదిలో విదేశీ ముఠా బాంబు ఉంది. నాలుగు వందల మంది పడవెక్కేశారు. దింపడం మొదలుపెడితే ముఠా దూరం నుంచే పేల్చేస్తుంది. బాంబు మీద ఒక సంఖ్య కనిపిస్తుంది. దాన్ని శేషం లేకుండా భాగించేవాటిలో, ఒకటిని వదిలేసి, అన్నిటికన్నా చిన్నది నొక్కితే బాంబు ఆగిపోతుంది. ఒక్కటే ఛాన్సు.

మిల్టన్‌కి ఒళ్ళు మండింది. "లెక్కల్లో మూడుసార్లు తప్పినవాణ్ణి పంపడమేంటి సార్?"

"దగ్గర్లో ఉన్నది నువ్వే. పడవలో మన మనిషి దెల్మా ఉంది, లెక్కల్లో దిట్ట. ఆవిడ చెప్పినట్టు చెయ్యి."

తోర్తా ఫ్రీతాలనే నూనె రొట్టెలు అమ్మేవాడి వేషంలో, చంకలో ఫ్లాస్కుతో మిల్టన్ ఇంజన్ గదిలోకి దిగాడు. ముఠాలో ఉంటూ మన పక్షాన పనిచేసే దెల్మా, పడవ పరిచారిక యూనిఫాంలో ఎదురొచ్చి నవ్వింది. ఆ నవ్వు కోసం అతను ఏడాదిగా పడిగాపులు కాస్తున్నాడు.

డయల్ మీద 15222251. టైమర్‌లో నాలుగు నిమిషాలు.

"అది ప్రధాన సంఖ్య. దేంతోనూ పోదు, దాన్నే నొక్కు," అంది దెల్మా. "నేను పైకెళ్ళి జనాన్ని చూసుకుంటా. రెండు నిమిషాలాగి నొక్కు."

ఆమె వెళ్ళాక మిల్టన్‌కి అనుమానం వచ్చింది. ఆవిడ డయల్ వైపు సరిగ్గా చూడనైనా లేదు. హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన కాల్‌క్యులేటర్ పెన్ను తీస్తే, అందులో ఆరు అంకెలకు మించి పట్టవు. పెన్నుని గోడకేసి కొట్టి, చొక్కా చేతి మీదే లెక్క వేశాడు. రెండు, మూడు, ఐదు, ఏడు. ఒక్కటీ పోలేదు. చెమటకి అంకెలు అలుక్కుపోయాయి.

ఇక నలభై సెకన్లు. విసుగు తలకెక్కి, మోంటెవిడియో వాడెవడైనా చేసే పనే చేశాడు: సంఖ్యని రెండేసి అంకెలుగా విడదీసి, అక్కడి లాటరీలో ఒక్కో సంఖ్యకీ ఉండే బొమ్మ పేరుతో చదివాడు. పదిహేను అందగత్తె, ఇరవై రెండు పిచ్చోడు, మళ్ళీ పిచ్చోడు, యాభై ఒకటి రంపం. వెనక నుంచి ఒక్కో అంకే చదివితే, మళ్ళీ అందగత్తె, పిచ్చోడు, పిచ్చోడు, రంపం.

ఎటునుంచి చదివినా అదే సంఖ్య. ఉన్నవి ఎనిమిది అంకెలు. అంకెల లెక్క సరిసంఖ్య అయి, ఎటు చదివినా ఒకటే అయితే అది పదకొండుతో పోయి తీరుతుంది. లెక్కల్లో దిట్టకి ఈపాటిది తెలియదా? కావాలనే తప్పు చెప్పింది. మిల్టన్ 11 నొక్కాడు.

ఒక్క సెకను దగ్గర టైమర్ ఆగింది.

పైకొచ్చి చూస్తే, రేవు గట్టు మీద దెల్మా రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది. మిల్టన్ వెళ్ళి ఆ చేతులు కిందికి దించి, బేడీలు వేశాడు.

"మూడుసార్లు తప్పావని చెప్పారే," అంది ఆమె నీరసంగా.

"తప్పాను. నాలుగోసారి ఈ ప్రశ్నే ఇచ్చారు."

సాయంత్రం మిల్టన్ పదకొండు మీద లాటరీ కట్టాడు. తగిలింది ఇరవై రెండు, పిచ్చోడు.