రెండు తోకల కణం

కృష్ణగిరి బస్టాండులో టీ తాగుతూ తాగుతూనే ఏజెంట్ చంద్రశేఖర్ బల్ల మీదికి ఒరిగిపోయాడు. టీలో విషం. చేతిలో నలిగిన టికెట్ వెనక నాలుగు మాటలు: కెలవరపల్లి, సంపు, నాలుగు గంటలు.

"ముహూర్తం రేపే," అన్నాడు ఫోనులో చీఫ్ జనార్ధనరావు. "విదేశీ ముఠా. మన కాప్సికం పంటను వేళ్ళతో సహా కుళ్ళబెట్టాలని ప్లాను. ల్యాబ్ నుంచి డాక్టర్ నళిని వస్తుంది. కోడ్ గుర్తుందిగా?"

"ఉంది," అన్నాడు మరో ఏజెంట్ జితేంద్ర. పదేళ్ళు కలిసి పనిచేసిన స్నేహితుడు పోతే ఏడవడానికి కూడా టైం ఇవ్వని ఉద్యోగం అది.

మర్నాడు డ్రిప్ పైపుల మెకానిక్ వేషంలో కెలవరపల్లి చేరాడు. అక్కడ నలభై మంది రైతుల పాలీహౌసులకు, అంటే ప్లాస్టిక్ కప్పిన పంట షెడ్లకు, నీళ్ళు వెళ్ళేది నేలలో కట్టిన ఒక్క సంపుతొట్టి నుంచే. అది తిమ్మక్క పొలంలో, ఒక షెడ్డులో ఉంది. ఆమె ఆస్తంతా కాపు మీదున్న కాప్సికమే. జితేంద్ర మాత్రం ఆమెనూ నమ్మలేదు. ఆమె ఇచ్చిన మజ్జిగ ఆమె తాగాకే తాగాడు.

"మా మజ్జిగ తాగి ఎవురూ సచ్చిపోలేదులేప్పా," అంది తిమ్మక్క.

మూడున్నరకు జీపు ఆగింది. నల్లకళ్ళద్దాలు, ఖరీదైన సెంటు, సినిమా తారలాంటి నడక.

"మత్తూరులో వానా?" అడిగాడు జితేంద్ర.

"పోచంపల్లి సంతదాకా తడిసినాం," అంది నళిని.

కోడ్ సరిపోయింది. అయినా అతని మనసు కుదుటపడలేదు. ఆమె ఒంటరిగా షెడ్డులోకి వెళ్ళి పది నిమిషాలకు బయటికొచ్చింది.

"నీళ్ళలో ఉన్నది మామూలు ఈస్ట్. ప్రమాదం లేదు," అని జీపు వైపు నడిచింది.

షెడ్డు గడప దగ్గర మందునీళ్ళ తొట్టి ఉంది. బయటి తెగులు లోపలికి రాకుండా అందరూ షెడ్డులోకి వెళ్ళేటప్పుడు అందులో కాళ్ళు ముంచుతారు. అది అక్కడి పద్ధతి.

"ఈయమ్మ ఏందప్పా, లోపలికి పోయేటప్పుడు ముంచలేదు, వచ్చేటప్పుడు రెండుసార్లు ముంచింది!" అంది తిమ్మక్క మెల్లగా.

జితేంద్రకు అర్థమైంది. బయటికొస్తూ కాళ్ళు కడుక్కుందంటే, లోపల ఏముందో ఆమెకు తెలుసు! షెడ్డులోకి పరుగెత్తాడు. పెన్నులో దాచిన మైక్రోస్కోపును ఫోనుకు తగిలించి సంపు నీటిచుక్క పెట్టాడు. తెర నిండా కణాలు చకచకా తిరుగుతున్నాయి. ఒక్కోదానికి రెండు తోకలు.

"చేపపిల్లల మాదిరి ఈదతా ఉండాయే!" వెనకే వచ్చిన తిమ్మక్క వంగి చూసింది. "ఈదే పని లేకుంటే తోకలెందుకు?"

ఈస్ట్‌కు తోక ఉండదు. ఇవి నీళ్ళలో ఈదుకుంటూ వేళ్ళను వెతుక్కునే వేరుకుళ్ళు బీజాలు. తేలిగ్గా ఈదడానికి వీటికి కణగోడ కూడా లేదు. గోడ లేకపోతే రక్షణా లేదు; రాగిమందు తగిలితే పగిలిపోతాయి.

"అక్కా, మైలుతుత్తం ఉందా?"

"ఈడనే, మూలలో మూట ఉంది."

"కదలొద్దు!" జీపు దగ్గర్నుంచి తిరిగొచ్చి గుమ్మంలో నళిని, చేతిలో పిస్టల్. "నాలుగింటికి వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది. మీ చంద్రశేఖర్ కూడా ఇలాగే ఆలస్యంగా తెలుసుకున్నాడు."

తిమ్మక్క గడప దగ్గరి మందునీళ్ళు దోసెడు ఎత్తి ఆమె కళ్ళలోకి కొట్టింది. పిస్టల్ గాలిలోకి పేలింది. జితేంద్ర దాన్ని లాక్కుని నళిని చేతులు డ్రిప్ పైపుతో కట్టేశాడు. మూడూ యాభైతొమ్మిది. సంపు నుంచి పొలాలకెళ్ళే పైపును మూసే అడ్డగేటు చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇద్దరూ కలిసి తిప్పారు. వాల్వు టైమర్‌లో రెండు సెకన్లు మిగిలుండగా గేటు మూసుకుంది.

తుత్తం మూటంతా సంపులో కుమ్మరించారు. కాసేపటికి తెర మీద ఈత ఆగింది. కణాలు ఒక్కొక్కటే పగిలిపోయాయి. చంద్రశేఖర్ గుర్తొచ్చి అప్పుడు ఏడ్చాడు జితేంద్ర.

"గుడ్!" అన్నాడు చీఫ్ ఫోనులో. "ఇంకేమైనా సాయం కావాలా?"

తిమ్మక్క ఫోను లాక్కుంది. "ఇంత తుత్తం పడిన నీళ్ళు చెట్లకు పనికిరావు సారూ. తెల్లారితే నలభై మందికి నీళ్ళు కావల్ల. ట్యాంకర్లు పంపిస్తారా?"

"ఢిల్లీలో పై ఆఫీసుకు రాస్తానమ్మా," అన్నాడు చీఫ్.

ఢిల్లీ సంగతి తెలిసిన జితేంద్ర అప్పటికే బిందె వెతుక్కుంటున్నాడు.