కథకి ఊ కొట్టేది

ఆ ఇంట్లో టేప్‌రికార్డర్ గురించి మొగుడికీ పెళ్ళానికీ కొన్నాళ్ళుగా పడటం లేదు. పారేసి కొత్తది కొందామని ఆయన, బాగు చేయిద్దామని ఆమె. "దానిది కుక్క తోక బుద్ధి. ఇవాళ బాగు చేయిస్తే రేపు మళ్ళీ మొదలు," అంటాడాయన. మాట నిజమే. కానీ ఇక్కడ ఆగిపోయింది పాటలు కాదు, పిల్ల నిద్ర.

పిల్లకి నాలుగేళ్ళు. అందరూ బుడంకాయ అంటారు. అమ్మమ్మ పోయే ముందు దానికోసం ఒక కథ ఆ టేప్‌రికార్డర్లోనే రికార్డు చేసి పెట్టింది. పిల్ల గదిలో తలుపేసుకుని, ఒక్కతే కూర్చుని చెప్పింది. మధ్య మధ్య పిల్ల ఊ కొట్టడానికి కాస్త ఆగింది కూడా. అప్పుడు మొదట్లో కాస్త విని అందరూ నవ్వారు. ఇప్పుడు ఆ కథ పెడితే తప్ప బుడంకాయ కన్ను మూయదు. నిద్ర సుఖమెరగదంటారు గానీ, ఈ పిల్ల నిద్రకి సుఖం అక్కర్లేదు, అమ్మమ్మ గొంతు కావాలి. లోపల బెల్టు సాగిపోయి ఆ గొంతు వణకడం మొదలైన దగ్గర్నుంచి పిల్ల కళ్ళు గుంటలు పడ్డాయి. చూస్తుంటే తల్లికి ప్రాణం ఉసూరుమంటోంది. ఒక చోట కూర్చోలేదు, ఒక పని చేయలేదు.

చివరికి ఆమె మాటే నెగ్గింది. ఆయన పనికి వెళ్ళాక మెకానిక్ ఇంటికే వచ్చి, ముందుగదిలో కూర్చుని కొత్త బెల్టు వేశాడు.

"టేపుని తాకే హెడ్ కాస్త వంకర తిరిగుందమ్మా. అదీ తిన్నగా పెట్టాను," అన్నాడు స్క్రూలు బిగిస్తూ. అడగని పని చేసిపెట్టినందుకు సంబరపడుతున్నట్టున్నాడు.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. గదిలో లైటు వేసుకోవాల్సినంత మసక. కిటికీ రెక్క ఊరికే కొట్టుకుంటోంది. టేప్‌రికార్డర్లోంచి వేడెక్కిన దుమ్ము వాసన. ఆమె పిల్లని పక్కలో పడుకోబెట్టుకుని మీట నొక్కింది.

అమ్మమ్మ గొంతు వణకడం లేదు. కానీ దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉంది. సౌండు పెంచింది. కథలో మొదటి మాట అయింది. అమ్మమ్మ ఆగింది.

"ఊ."

స్పష్టంగా... మైకుకి పెదవులు ఆనించి అన్నట్టు. ఆమె పిల్ల వైపు చూసింది. పిల్ల నోరు మూసుకునే ఉంది.

ఇంకో మాట. మళ్ళీ ఆగింది.

"ఊ."

చిన్నపిల్ల గొంతు కాదు. ముసలి గొంతూ కాదు. ఆమె టేపు ఆపేసి, హాల్లోకి వచ్చి మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"రికార్డు చేసింది కూడా అందులోనేనా? ముందే చెప్పొద్దూ?" అన్నాడతను. "వంకర హెడ్‌తో చేసింది వంకర హెడ్‌లోనే సరిగ్గా పలుకుతుందమ్మా. సాయంత్రం వచ్చి ఎప్పటిలాగే తిప్పేస్తాలెండి."

"మరి... రెండో గొంతు బాగానే వినిపిస్తోందే?"

"అయితే అది హెడ్ తిన్నగా ఉన్న వేరే మెషిన్లో చేసుంటారు."

ఆ ఇంట్లో వేరే మెషిన్ ఎప్పుడూ లేదు. ఆ క్యాసెట్ కొత్తది. పైన కాగితం చించి అమ్మకి ఇచ్చింది తనే.

ఆమె ఇంక ఆలోచించలేదు. కొత్తది తెచ్చేయమని భర్తకి ఫోన్ చేసింది. గదిలోకి వెళ్ళి ప్లగ్గు పీకేసింది. క్యాసెట్ తీసి, రీలు బయటికి లాగి, ముక్కలు చేసింది. అమ్మ గొంతు అందులో తప్ప ఇంకెక్కడా లేదని తెలుసు, ఏడుపొస్తోంది, అయినా చేతులు ఆగలేదు.

బుడంకాయ లేచి కూర్చుంది.

"ఎందుకమ్మా తెంపేశావు?" గుసగుసగా అడిగింది.

"కథ నేను చెప్తాలే నాన్నా. పడుకో."

"నాకు కాదు." పిల్ల గొంతు ఇంకా తగ్గించింది. "అమ్మమ్మ దానికి చెప్తుంది. అది ఊ కొట్టీ కొట్టీ పడుకుంటుంది. అప్పుడు నేను పడుకుంటా."

"ఏది?"

పిల్ల కాళ్ళు ముడుచుకుని తల్లి వైపు జరిగింది. గోడ పక్కన పరుపు మెల్లగా కుంగింది...

"చెప్పమ్మా. చెప్పకపోతే లేస్తుంది," అంది పిల్ల.

ఆమె "అనగనగా..." అంది. "ఒక ఊళ్ళో నిద్ర పట్టని ఒకామె ఉండేది."

"ఊ."

"ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టేది. పడుకోవడానికి చోటిమ్మని అడిగేది."

"ఊ."

"ఎవరూ ఇవ్వలేదు. చివరికి... ఒక ఇంట్లో తలుపు తీశారు. లోపల ఒక పిల్ల పడుకుని ఉంది."

"ఊ."

ఆమె ఆగిపోయింది. రోజూ పిల్ల కన్ను మూయగానే టేపు కట్టేసేది. టేపులోని ఆ కథ ఇంతకు మించి ఎప్పుడూ వినలేదు. తర్వాత ఏం జరిగిందో ఆమెకి తెలీదు. పిల్ల వేళ్ళు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాయి.

ఊ రాలేదు. దుప్పటి అంచు ఒకటి లేచింది.

"తర్వాత నేను చెప్పనా?" అని అడిగింది అది.

గొంతు అమ్మమ్మదే.