ఇద్దరు జీన్‌ల మొగుడు

స్కాట్లండులోని డండీలో ఆ ఉదయం ఒకటే వాన. డిటెక్టివ్ మిస్ ర్యాట్రే ఆఫీసులోకి వచ్చిన అమ్మాయి గొడుగు మడవడం కూడా మరిచిపోయింది.

"శుక్రవారం నా పెళ్ళండి. జరిగేలా లేదు," అంది.

అసిస్టెంటు పిరీ గొడుగు అందుకుని, ఆమెకు టీ పోశాడు. అమ్మాయి పేరు ఎఫీ మొంకర్. క్రెయిగ్‌నెస్ అనే జాలరి ఊరు. పెళ్ళికొడుకు టామ్‌దీ మొంకర్ ఇంటిపేరే. వందేళ్ళ కిందటి ఆండ్రూ మొంకర్ ఇద్దరికీ మూలపురుషుడు.

"మా చర్చి పుస్తకంలో ఆయన పెళ్ళికూతురు జీన్ టాష్ అని ఉంది. పక్కూరు ఇన్వర్‌కెల్ చర్చిలో, అదే నెలలో, జీన్ స్మెయిల్ అని ఉంది. మేం స్మెయిల్ సంతానం, టామ్ వాళ్ళు టాష్ సంతానం. పెళ్ళాం ఎవరు, ఉంచుకున్నది ఎవరని తరతరాలుగా తగవు. మా ఇద్దరి కోసం ఈమధ్యే కాస్త చల్లబడ్డారు. ఇంతలో ఎవరో ఆండ్రూ సమాధి రాయి మీద ఉన్న జీన్ స్మెయిల్ పేరును గీకి చెరిపేశారు. టామ్ వాళ్ళ తాతయ్యే చేశాడని మా నానమ్మ. ఆయన మీదికి నెట్టాలని నానమ్మే చేసిందని ఆయన. ఇద్దరూ పెళ్ళికి రామంటున్నారు."

మధ్యాహ్నానికి ముగ్గురూ క్రెయిగ్‌నెస్ శ్మశానంలో ఉన్నారు. మిస్ ర్యాట్రే తడి గడ్డిలో మోకాళ్ళూని రాయిని చూసింది. గీతల్లో నీలం రంగు పెచ్చు ఒకటి ఇరుక్కుని ఉంది. రాతి మొదట్లో ఎఫీ నాటిన పూలమొక్కలను ఎవరో మట్టితో సహా పెకలించి, తిరిగి అక్కడే నాటి, చుట్టూ మట్టి అదిమారు.

"ముసలాయన పనే," అన్నాడు పిరీ.

"పగతో వచ్చినవాడు పూలమొక్కలకు ఇంత సేవ చేస్తాడా పిరీ?"

టామ్ తాత నినియన్ వాళ్ళను వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు. టామ్ మాత్రం పళ్ళెంలో వేడి స్కోన్ రొట్టెలు తెచ్చిచ్చాడు. పడవ పాత రంగు గీకి కొత్తది వేస్తున్నాడేమో, గోళ్ళ నిండా నీలం.

"మా ఇంట్లో తరానికొక నినియన్ ఉంటాడమ్మా," అన్నాడు ముసలాయన. "ఆండ్రూ రెండో కొడుకుతో మొదలైన పేరు. టాష్ రక్తం."

"పెద్ద కొడుకు పేరేమిటండీ?"

"థామస్. ఆండ్రూ వాళ్ళ నాన్న పేరు. ఎఫీ నానమ్మ, ఆ కర్స్టీ ముసలిది, వాడి సంతానమే. పెద్దాడికి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, ఇక్కడందరిదీ అదే పద్ధతి."

అక్కణ్ణుంచి రెండు చర్చిలకూ వెళ్ళారు. పిరీ పుస్తకాలు పైకి చదివాడు. క్రెయిగ్‌నెస్‌లో 'ఆండ్రూ మొంకర్, జీన్ టాష్' అని మాత్రమే ఉంది. రాసింది అప్పట్లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ నుంచి కొత్తగా వచ్చిన గుమాస్తా. ఇన్వర్‌కెల్‌లో 'ఆండ్రూ మొంకర్, నినియన్ స్మెయిల్ కూతురు జీన్' అని ఉంది.

"ఇంకొన్నేళ్ళు వెనక్కి తిప్పు," అంది మిస్ ర్యాట్రే. ఆమె వేలు పెట్టిన వరుస చదివి పిరీ పకపకా నవ్వాడు.

గురువారం సాయంత్రం అందరినీ చర్చి హాల్లో కూర్చోబెట్టింది. నినియన్ ఒక మూల, ఎఫీ నానమ్మ కర్స్టీ ఇంకో మూల.

"ఆండ్రూకి ఇద్దరు పెళ్ళాలు లేరు," అంది మిస్ ర్యాట్రే. "జీన్ స్మెయిల్‌ది ఇన్వర్‌కెల్. మొదట డేవిడ్ టాష్‌ని చేసుకుంది. అతను సముద్రంలో పోయాడు. ఆ పెళ్ళి మాట కూడా ఇన్వర్‌కెల్ పుస్తకంలోనే ఉంది. తర్వాత ఆండ్రూని చేసుకుంది. ఊళ్ళు వేరు గనక జరగబోయే పెళ్ళిని రెండు చర్చిల్లోనూ చాటించి, రెండు పుస్తకాల్లోనూ రాయించారు. మన స్కాట్లండు ఆడవాళ్ళకు చచ్చేదాకా పుట్టింటి ఇంటిపేరే కదా, ఆమె ఊరివాళ్ళు స్మెయిల్ అనే రాశారు. ఇక్కడి గుమాస్తా ఇంగ్లీషువాడు. వాళ్ళ అలవాటు ప్రకారం పోయిన మొగుడి ఇంటిపేరు తగిలించాడు."

"మరి మా నినియన్ల సంగతి?" అన్నాడు ముసలాయన.

"రెండో కొడుక్కి అమ్మ తండ్రి పేరన్నారుగా. నినియన్ స్మెయిల్ ఆయనే. ఇన్నేళ్ళుగా మీరు మోస్తున్నది స్మెయిల్ తాత పేరండీ."

ముసలాయన టోపీ తీసి పక్క కుర్చీ మీద పెట్టాడు.

"మరి రాయి గీకిందెవరు?" అంది కర్స్టీ.

"పడవ రంగు గీకే పనిముట్టుతో గీకాడు. ఎఫీ పెంచుకున్న మొక్కలు తొక్కడానికి మనసు రాలేదు. టామ్, నువ్వే చెబుతావా?"

టామ్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆ పేరు కళ్ళబడ్డప్పుడల్లా ఇద్దరూ మళ్ళీ మొదలుపెడుతున్నారు. అదే లేకపోతే గొడవుండదనుకున్నా."

"నన్నడిగి చావొచ్చుగా," అంది ఎఫీ, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి. "పెళ్ళి కాగానే ఆ పేరు మళ్ళీ నీ చేతే చెక్కిస్తా."

కర్స్టీ లేచి, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, నినియన్ ముందు నిలబడింది.

"నిన్ను తిట్టడానికి నా దగ్గర బోలెడు మాటలు పోగుపడి ఉన్నాయి, నినియన్. వాటినిప్పుడు ఏం చేసుకోను?"

నినియన్ పక్క కుర్చీ మీది తన టోపీ తీసేశాడు.

"కూర్చో. టీ చల్లారేలోగా ఒక్కొక్కటే అను. వింటాను."