మూడో ప్రశ్న

వైర్‌లెస్ మెకానిక్‌ని లాండ్రీ ముందు చంపారు.

తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చి, బల్ల మీద మోచెయ్యి ఆన్చి నిలబడ్డాడు. వెనకనుంచి గొడుగు పట్టుకున్న మనిషి ఒకడు వచ్చాడు. వాన లేదు. గొడుగు మొన మెకానిక్ పిక్కకి తగిలింది.

"చూసి నడవవయ్యా" అన్నాడు మెకానిక్. ఆ మనిషి క్షమించమన్నట్టు చెయ్యెత్తి వెళ్లిపోయాడు. లాండ్రీ ఆవిడ చొక్కా మడతపెట్టి తలెత్తేసరికి మెకానిక్ నేలమీద పడి ఉన్నాడు. చొక్కా సిద్ధమైంది, తొడుక్కునేవాడు లేడు.

అతని జేబులో ప్రజాసభ సందర్శకుల పాస్ దొరికింది. ఆ రోజు సమావేశానిదే.

కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో చీఫ్ ఆ పాస్‌ని బల్ల మీద పెట్టాడు. ఎదురుగా ఏజెంట్ సూది కూర్చుని ఉంది. ఆ పేరు ఆయన పెట్టిందే. గుచ్చుకునేదాకా ఉన్నట్టు తెలియదని.

"టార్గెట్ ఎవరు సార్?"

"టీచరమ్మ."

సూదికి వివరం అక్కర్లేదు. ప్రతిపక్షంలో ఆ పేరున్న సభ్యురాలు ఒక్కరే. రాజకీయాల్లోకి రాకముందు లెక్కల టీచరు. ఈ రోజు ప్రశ్నల గంటలో మూడో ప్రశ్న ఆమెది. సరిహద్దుకి పంపిన కొత్త వైర్‌లెస్ సెట్ల గురించి.

"ఆ సెట్లో మాట్లాడితే, ఎక్కడినుంచి మాట్లాడుతున్నామో శత్రువుకి తెలిసిపోతోంది" అన్నాడు చీఫ్. "బటన్ నొక్కిన కాసేపటికే గుండ్లు పడుతున్నాయి. మెకానిక్ ఒక సెట్టు విప్పి చూశాడు. లోపల రెండో ట్రాన్స్‌మిటర్ ఉంది. శత్రువు గూఢచారి నెట్‌వర్కే దొంగ కంపెనీ పెట్టి మనకి అంటగట్టింది. మెకానిక్ ఆ సెట్టు టీచరమ్మకి ఇచ్చాడు."

"మనకి తెలిసి ఎన్నాళ్లయింది సార్?"

చీఫ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"రిపోర్ట్ పైకి పంపాను. రక్షణ మంత్రిగారు యుద్ధం అయ్యాక చూద్దామన్నారు. ఆ సెట్లు కొన్నది ఆయనే కదా. ఇప్పుడు బయటపడితే కుర్చీ పోతుంది."

"మా తమ్ముడు సిగ్నల్స్‌లో ఉన్నాడు. ఉత్తరపు కొండ మీద."

"తెలుసు అమ్మాయ్."

"మొన్న ఫోన్లో ఏమన్నాడో తెలుసా? అక్కా, బటన్ నొక్కాలంటే చెయ్యి రావడం లేదే, నొక్కకపోతే అవతలి దళానికి తిండి అందదు అన్నాడు. యుద్ధం అయ్యేదాకా వాడు ఆ బటన్ ముందు కూర్చుని ఆలోచించుకోవాలా?"

చీఫ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. టెలిఫోన్ వైపు చూశాడు.

"నాకు రెండు ఆర్డర్లు వచ్చాయి. ఒకటి రాతపూర్వకంగా. ఆమెకి ప్రాణహాని ఉంది, కాపాడండి అని. రెండోది ఫోన్లో. ఆమె సభకి కాస్త ఆలస్యమైతే దేశానికి మేలని."

"మీరేమన్నారు?"

"లైన్ సరిగ్గా లేదు, వినపడలేదన్నాను."

సూది మొదటిసారి నవ్వింది.

ప్రజాసభలో ఒక పద్ధతి ఉంది. పేరు పిలిచినప్పుడు సభ్యుడు సీట్లో లేకపోతే ఆ ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది. ఉండి అడిగితే మాత్రం రికార్డులోకి ఎక్కుతుంది. సాయంత్రానికల్లా సైన్యాధిపతి ముందు ఉంటుంది. నాకు తెలియదు అనే వీలు ఆ తర్వాత ఎవరికీ ఉండదు. పైగా ఆ రోజు ప్రశ్నల గంట అవగానే ఇంకో తీర్మానం ఉంది. యుద్ధం ముగిసేదాకా ప్రశ్నల గంటనే ఎత్తేయాలని. అంటే అడగడానికి మిగిలింది ఆ ఒక్క పూటే.

"ముత్యం సమాచారం పంపింది" అన్నాడు చీఫ్. "సందర్శకుల గ్యాలరీలో షూటర్ ఉంటాడట. మనవాళ్లందర్నీ పైనే పెడుతున్నాను. నువ్వు కింద ఉండు. కోడ్ గుర్తుందిగా? అంతా బాగుంటే టీ చల్లారింది. తేడా వస్తే టీ పొంగింది."

ముత్యం మంత్రిగారి ప్రెస్ ఆఫీసర్. శత్రువు నెట్‌వర్క్‌లో మనం నాటిన మనిషి. ఆమె నడిచి వెళితే కారిడార్లో మాటలు ఆగిపోతాయి. చెవులకి పెద్ద ముత్యాలు. కాళ్లకి ఎప్పుడూ ఎత్తు మడమల చెప్పులు.

ప్రశ్నల గంట మొదలయ్యేసరికి సూది బూడిదరంగు యూనిఫాంలో, చేతిలో జగ్గుతో సభలో తిరుగుతోంది. సభ్యులకి నీళ్లందించే అటెండెంట్. ఆ పనిలో ఉన్న ఆడమనిషి ముఖం ఎవరూ చూడరు, గ్లాసు చూస్తారు. ఆమె చేతి గాజులో చిన్న యంత్రం ఉంది. దగ్గర్లో వేరే ట్రాన్స్‌మిటర్ ఏదైనా పనిచేస్తే గాజు వేడెక్కుతుంది. చెవిలో చీఫ్ గొంతు వినిపించే, ఆమె మాట ఆయనకి చేరవేసే ఇయర్‌పీస్.

టీచరమ్మ మూడో వరసలో కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డసంచి. సూది గ్లాసు పెట్టబోతే చేయి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. నా నీళ్లు నేను తెచ్చుకున్నాను."

"మంచి పని చేశారండీ" అంది సూది.

మొదటి ప్రశ్న సగంలో ఉండగానే ఏదో మాటకి కోపం వచ్చి ఒక గుంపు లేచి బయటికి నడిచింది. ఎత్తు కుర్చీలో ఉన్న సభాపతి నిట్టూర్చాడు. తలపండిన పెద్దాయన. చెవిలోంచి ఒక తీగ బల్ల మీది చిన్న పెట్టెలోకి దిగుతుంది. వినికిడి మిషన్.

"చూశావా అమ్మాయ్, రోజూ ఇదే భాగోతం. ఒకళ్లు వాకౌట్, ఇంకొకళ్లు వాకౌట్" అన్నాడు సూది గ్లాసు పెడుతుంటే. "ఈ మిషన్ తీసేస్తే హాయి. పిడుగు పడ్డా నాకు తెలీదు."

అప్పుడు సూదికి ముత్యం కనిపించింది. తలుపు పక్కన నిలబడి గ్యాలరీ వైపు కంగారుగా చూస్తోంది. బాగా నటిస్తోంది కూడా. కానీ సూది చూపు కిందికి వెళ్లింది. ముత్యం కాళ్లకి ఈ రోజు చదును చెప్పులు. పట్టుచీర అంచు నేలని రాస్తోంది. అంత పొందికగా ముస్తాబయ్యే మనిషి చీర ఎత్తు చూసుకోకుండా చెప్పులు మార్చిందంటే, మెట్లు దిగి పరిగెత్తే పని ఉందన్నమాట.

మెట్లు దిగితే ఉన్నది బాంబు షెల్టర్ ఒక్కటే.

సూది జగ్గు నింపుకునే నెపంతో కిందికి వెళ్లి చూసింది. షెల్టర్‌లో చెక్క బల్లల వరస. మొదటి బల్ల మీద ఎర్ర వెల్వెట్ దిండు, పక్కన వెండి మూత ఫ్లాస్క్. మంత్రిగారి నడుంనొప్పి దిండు అది. సభలో ఆయన సీటు మీద ఉండాల్సింది.

ఆమెకి ఒళ్లు మండింది. శత్రు విమానాలు వస్తున్నాయని సైరన్ మోగకముందే దిండు వచ్చి కూర్చుంది.

ముత్యం ఆడవాళ్ల గదిలో అద్దం ముందు చెవిపోగు సర్దుకుంటోంది. సూది పక్కన నిలబడగానే గాజు చురుక్కుమంది.

"ఎవరికి కబురు పంపిస్తున్నావ్?"

ముత్యం అద్దంలోంచే చూసింది. ఉలిక్కిపడలేదు. "నీళ్లక్క నువ్వేనా? యూనిఫాం నీకు నప్పలేదక్కా."

సూది ఆమె చెయ్యి వెనక్కి విరిచి, జడలోంచి తీసిన స్టీలు క్లిప్పుతో మణికట్టుని కుళాయి పైపుకి బిగించింది. చెవిపోగులు రెండూ లాగేసింది.

"షూటర్ లేడు కదూ?"

"గ్యాలరీలో మీవాళ్లు పాపం కుర్చీల కింద వెతుకుతున్నారు" అంది ముత్యం నవ్వుతూ. "చంపితే ఆవిడ దేవత అయిపోతుంది, ప్రశ్న ఊరంతా తిరుగుతుంది. సైరన్ మోగితే చాలు. సభాపతి లేస్తే సభ అయిపోయినట్టే. తిరిగొచ్చేసరికి గంట గడిచిపోతుంది. తర్వాత తీర్మానం. అంతే."

"సైరన్ ఎవరు మోగిస్తారు?"

"మంత్రిగారి మనిషి. రెండో ప్రశ్న అవగానే. సైరన్ గది తాళంచెవి అతని దగ్గరే ఉంది, నువ్వు అక్కడికి చేరేలోపు అయిపోతుంది."

"మంత్రిగారికి నువ్వెవరో తెలుసా?"

"ఛ! ఆయనంత దేశభక్తుడు ఇంకొకడు లేడు. ఈ ప్రశ్న తప్పించుకునే ఉపాయం చెప్పమ్మా అన్నారు, చెప్పాను. అక్కడ మావాళ్లకి కావలసిందీ అదే." ముత్యం గొంతులో నవ్వు తగ్గింది. "నేను ద్రోహినని నాకు తెలుసక్కా. ఆయనకి తన సంగతి తెలియదు. మా ఇద్దరికీ తేడా అదొక్కటే."

సూది బయటికి పరిగెత్తింది.

"టీ పొంగింది సార్. ముత్యం ఆడవాళ్ల గదిలో ఉంది, తీసుకెళ్లండి. ఆకాశం ఎలా ఉంది?"

చెవిలో చీఫ్ గొంతు. "రాడార్ వాళ్లని అడిగాను. కాకి కూడా లేదు. ఏం?"

"సైరన్ మోగుతుంది. అబద్ధపు సైరన్. ఆపించండి."

"అయ్యో! సైరన్ గదికి చేరడానికి టైం పడుతుంది అమ్మాయ్."

సభలో రెండో ప్రశ్నకి జవాబు సాగుతోంది. సూది టీచరమ్మ పక్కన వంగింది.

"అమ్మా, ఇప్పుడు సైరన్ మోగుతుంది. విమానాలేమీ రావడం లేదు. మీరు లేవకండి."

టీచరమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "నీ మాట ఎందుకు నమ్మాలి?"

"మా తమ్ముడు కొండమీద ఆ సెట్టు ముందున్నాడు."

టీచరమ్మ సంచి పిడి గట్టిగా పట్టుకుంది. "సరే. కానీ సభాపతి లేస్తే నేను కూర్చుని ఏం లాభం? సైరన్ వింటే ఆయన లేవాలి. రూల్ అది."

"వింటేనే కదా! ఇంకోటి, మంత్రిగారి దిండు అప్పుడే షెల్టర్‌లో ఉంది. మీకు పనికొస్తుంది."

సూది జగ్గు ఎత్తుకుని ఎత్తు కుర్చీ మెట్లెక్కింది. రెండో ప్రశ్న ముగిసింది. మంత్రిగారు గడియారం చూసుకుని, కండువా సర్దుకుని, లేవడానికి వీలుగా ముందుకి జరిగారు. సభాపతి కాగితం మీదికి వంగాడు. సూది గ్లాసు జరిపింది. మోచెయ్యి చాటున వినికిడి పెట్టె మూత తీసింది. సైరన్ మొదటి ఊపిరి తీసుకునేలోగా బ్యాటరీ సెల్ ఆమె గుప్పిట్లోకి వచ్చింది.

సైరన్ గోడలు అదిరేలా మోగింది.

మంత్రిగారు అందరికంటే ముందు లేచారు. ఆయన వెనక ఆయన వైపు బల్లలన్నీ ఖాళీ అవుతున్నాయి. ఇటువైపు ప్రతిపక్షం వాళ్లూ లేవబోయారు.

"కూర్చోండి!" అంది టీచరమ్మ.

అది క్లాసులో వాడిన గొంతు. మీసాలు నెరిసిన వాళ్లు సైతం కూర్చున్నారు.

సభాపతి తలెత్తాడు. సగం సభ తలుపువైపు పరిగెడుతోంది. ఆయన ముఖం ఎర్రబడింది.

"మళ్లీనా? అధికార పక్షం కూడా వాకౌటా?" అని గట్టిగా అరిచాడు. "పొండి! వెళ్లేవాళ్లంతా పొండి. మీకోసం సభ ఆగదు. మూడో ప్రశ్న!"

సభాపతి కుర్చీలో ఉన్నంతసేపు సభ రికార్డు రాసే రిపోర్టర్లు కదలకూడదు. బల్ల ముందు వాళ్ల కలాలు రాస్తూనే ఉన్నాయి. టీచరమ్మ లేచింది. సంచిలోంచి విప్పేసిన వైర్‌లెస్ సెట్టు తీసి, అందరికీ కనపడేలా పైకెత్తింది. సైరన్‌ని మించిన గొంతుతో అడిగింది.

"ఈ సెట్టు మన జవాన్ల జాడ శత్రువుకి చెబుతోందని రక్షణ మంత్రిగారికి తెలుసా? తెలిస్తే, ఎప్పటినుంచి తెలుసు? తెలిసిన రోజుకీ ఈ రోజుకీ మధ్య చచ్చిపోయిన పిల్లలకి ఎవరు జవాబు చెబుతారు? యుద్ధంలో ప్రశ్నలడగడం దేశద్రోహం అంటున్నారు. ఇది చేతిలో పెట్టి మా పిల్లల్ని కొండెక్కించడాన్ని ఏమనాలి?"

సైరన్ గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. చీఫ్ మనుషులు ఆ గదికి చేరినట్టున్నారు.

"మంత్రిగారు సభలో లేరు" అన్నాడు సభాపతి. "జవాబిచ్చేవారు లేరని రాసుకోండి. తర్వాత తీర్మానం. ప్రశ్నల గంట నిలిపివేత. సమర్థించేవారు చేతులెత్తండి."

ఖాళీ బల్లలు ఆయన వైపు చూశాయి.

"వ్యతిరేకించేవారు?"

ఇటువైపు చేతులన్నీ లేచాయి. అప్పుడే తలుపు తెరుచుకుంది. మంత్రిగారు చంకలో ఎర్రదిండుతో, చెమటలు కక్కుతూ, రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తుకొచ్చారు. ఏదో అరుస్తున్నారు. సభాపతి ఆయన్ని చూసి గంట కొట్టాడు.

"వాకౌట్ చేసి, మళ్లీ వచ్చి చేతులూపితే లెక్కలోకి రాదండీ. తీర్మానం వీగిపోయింది. కూర్చోండి."

"సైరన్ మోగింది కదండీ!" అని మంత్రిగారు ప్రతిపక్షం వైపు తిరిగారు.

"మోగింది" అంది టీచరమ్మ. "అది మోగకముందే మీ దిండు కిందికి ఎలా వెళ్లింది? ఇది అనుబంధ ప్రశ్న. దీనికైనా జవాబు చెప్పండి."

సభలో నవ్వు లేదు. గ్యాలరీలో ఒక ముసలావిడ చేతిలో యూనిఫాం వేసుకున్న కుర్రవాడి ఫోటో ఉంది. ఆవిడ లేచి నిలబడింది.  మంత్రిగారు దిండుని కుడి చంకలోంచి ఎడమ చంకలోకి మార్చుకున్నారు.

సాయంత్రం దుకాణం వెనక గదిలో ఫోన్ మోగింది.

"అక్కా, సెట్లన్నీ మూసెయ్యమని ఆర్డర్ వచ్చింది. కొత్తవి వచ్చేదాకా జెండాలతో మాట్లాడుకోవాలట." కొండమీది గాలి, దాని వెనక తమ్ముడి గొంతు. "ఈ ముక్క పోయిన వారమే చెప్పి ఉంటే ఏం పోయేదే వీళ్ల సొమ్ము? నా పక్క మంచం ఖాళీ అయ్యేది కాదుగా."

"తిన్నావా?" అంది సూది. 

"తిన్నా. నువ్వేడవకు."

ఆమె ఫోన్ పెట్టేసింది. చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"ముత్యం నోరు విప్పింది. గొడుగువాడు దొరికాడు. మంత్రిగారు ఆరోగ్యం బాగోలేదని సెలవు పెట్టారు."

"నడుంనొప్పా సార్?"

"ఆ." చీఫ్ ఒక ఆర్డర్ ఆమె ముందుకి తోశాడు. "సెట్ల మీద విచారణ సంగతి ప్రభుత్వం ఇంకా పరిశీలిస్తోంది. ఈలోగా సభాపతి గారి మిషన్‌లో సెల్ సమయానికి మాయమవడం చాలా తీవ్రమైన విషయమట. వెంటనే విచారణ వేశారు. విచారణాధికారివి నువ్వే."

సూది గుప్పిట విప్పి సెల్ ఆ ఆర్డర్ మీద పెట్టింది.

"పరిశీలిస్తున్నానని చెప్పండి సార్. యుద్ధం అయ్యాక చూద్దాం."