ముద్ద దిగని గొంతు

మధ్యాహ్నం ఒంటిగంటయినా జనపనార మిల్లులో ఒక్క యంత్రమూ ఆగలేదు. కార్మికుల చేతులకు అతికించిన పోషపట్టీలు పచ్చగా వెలిగి, ఆ పూటకు కావలసిన పోషకాలనూ నీటినీ చర్మం గుండా నేరుగా రక్తంలోకి పంపి ఆరిపోయాయి. భోజన విరామం రద్దయి తొమ్మిదేళ్లయింది; ఇంటి దగ్గర కూడా పట్టీయే ఆకలి తీరుస్తుంది గనక కార్మికులు అన్నం తినడమే మానేశారు. ఊళ్లో పొయ్యి వెలిగే ఇళ్లు ఏ పదో మిగిలాయి.

అలాంటి ఇంటి మనిషి పైడితల్లి. ఆ సమయంలో ఆమె మిల్లు మేనేజరు జోగారావు గదిలో, ఇద్దరు విచారణాధికారుల ఎదుట కూర్చుని ఉంది. పక్కన ప్రభుత్వాసుపత్రి డాక్టరు హైమవతి.

నెల కిందట పైడితల్లి భర్త సన్యాసినాయుడు మిల్లులో పని విరమించాడు. పట్టీ తీసేసి ఇంటికి పంపారు. ఆ రోజే ఆశగా కంచం ముందు కూర్చున్నాడు. రెండో ముద్దకే ఊపిరాడక ముఖం నల్లబడింది. మెతుకులు దిగిన ఊపిరితిత్తులకు చీము పట్టి, ఆరో రోజున పోయాడు.

జోగారావు కాగితం ముందుకు జరిపాడు. "ఆత్రంగా తినడం వల్ల జరిగిన ప్రమాదమని రాశామమ్మా. సంతకం పెట్టు."

"ఆత్రమేటి బాబూ? పక్కన నేనే ఉన్నాను. పసిబిడ్డకి పెట్టినట్టు పెట్టాను."

హైమవతి అందుకుంది. "గొంతులో దారులు రెండు. ముందున్నది గాలిది, వెనకున్నది అన్నానిది. మింగేటప్పుడు ఉపజిహ్విక అనే చిన్న మూత వాలి గాలిదారిని కప్పుతుంది. లాలాజలం మింగడం వేరు, ముద్ద మింగడం వేరు. తొమ్మిదేళ్లు పని లేక ఆయన గొంతు కండరాలు సన్నబడ్డాయి. పొట్టకు సెలవిచ్చామని మీరు సంబరపడ్డారు. ఆ సెలవు ఊపిరి మీదికి వస్తుందని ఎవరూ ఆలోచించలేదు."

"పట్టీ సూచనల్లో అలాంటి హెచ్చరిక లేదండీ," అన్నాడు జోగారావు.

"లేదు. అందుకే ఆయనకూ తెలియలేదు."

పైడితల్లి సంచిలోంచి గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. పప్పన్నం.

"ఆత్రం లేకుండా తినండి బాబూ. ముగ్గురూ తలో ముద్ద. తింటే సంతకం పెడతాను."

జోగారావుకూ, ఇద్దరు అధికారులకూ చొక్కా చేతుల కింద పట్టీలున్నాయి. ఎవరూ గిన్నె ముట్టలేదు. ఒక అధికారి చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదికి పోయింది.

"మీ పేనం మీకు తీపి. మా ఆయన్ని పంపినప్పుడు తినొద్దని ఒక్కరైనా సెప్పారా?"

జోగారావు ఆ వాక్యం కొట్టేశాడు. "ఏం రాయమంటావు?"

"ఆకలేసి తిన్నాడని రాయండి. తినడం మీరు మరిపించారని రాయండి."

అతను రాశాడు. ఆమె అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టింది. కోపం రవ్వంత కూడా తగ్గలేదు. మెట్లు దిగి, మొదటి యంత్రం దగ్గరున్న అప్పలకొండ ముందు ఆగింది. అతను నాయుడి జతగాడు.

"పట్టీ తీసీసిన రోజున అన్నం ముట్టకు మరిదీ. ముందు డాక్టరమ్మ దగ్గరికెళ్లు. పల్చని జావతో మింగడం నేర్పుతాది. నెలలు పడతాదంట."

అప్పలకొండ తన చేతి మీది పట్టీని తడిమి చూసుకున్నాడు.

"నా ఆఖరి డ్యూటీ నిన్ననే అవాల వదినా," అన్నాడు. "ఒక రోజు ఎక్కువ సేయమని ఆపారు. మా ఇంటిది నిన్నే నాకోసం అన్నం వండీసి కూకుంది."